అమ్రాబాదు తీర్థములు

తీర్థమను మాటకు సంస్కృత నిఘంటువులలో పెక్కర్థములు గలవు. దాటుట యను ధాతువునుండి పుట్టిన యీ పదము మొదట నీటిరేవునకు చెల్లినది. పిదప పశువులు నీరు త్రావు తావునకును, ఋషులు సేవించిన జలమునకును, తుదకు గురువునకును పేరైనది. మన యిండ్లలో నేడు ఉద్ధరిణెడు నీటికే యా పేరు మిగిలియున్నది. కాని కృష్ణకు ఉత్తరముగా, నల్లమలలో, అమ్రాబాదు పీఠభూమిపై ఈ పదము తన తొలి యర్థమును విడువలేదు. అచ్చట తీర్థమనిన నీరు ఊరు చోటు. దేవుడు ఆ నీటి ప్రక్కన నుండును. నీరు ముందు, దేవుడు తరువాత యనుట సాహసమగునేమో గాని, ఆ కొండలలో పేరుపడిన దేవుని స్థలములలో ఊటయో, మడుగో, జలపాతమో లేనిది అరుదు.

సంస్కరణాభిలాషులలో రాతికి మ్రొక్కుటను, చెట్టునకు పసుపు పూయుటను చూచి నవ్వుట పరిపాటి. ఆ నవ్వునకు కారణములు లేకపోలేదు. దేవతల పేరిట జరిగిన జంతుబలులును, దోపిడియు, గుడిగడప దగ్గర కులము నడిగిన క్రూరత్వమును మన దేశచరిత్రలో కొల్లలు. అయినను కొండను, ఊటను, వనమును పవిత్రమని యెంచిన యలవాటును కూడ ఆ గంపలోనే వేసి పారబోయుట న్యాయమా యని మేము ప్రశ్నింపదలచినాము. అమ్రాబాదు చరిత్ర ఈ ప్రశ్నకు తగిన సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ ప్రాంతము పూర్వము మహబూబునగరు జిల్లా అచ్చంపేట తాలూకాలోనిది. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. శ్రీశైలమునకు నాలుగు ద్వారములని ప్రసిద్ధి: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఈ యుత్తరద్వారము అచ్చంపేటకు దాపున, ముందునకు వంగిన పెద్ద కొండచరియ క్రింద నున్నది. రాతి నెఱ్ఱెలనుండి జారు నీటిని అచ్చట పాపనాశనమందురు. 14వ శతాబ్దిలో రేచర్ల వంశీయుడగు మాదానాయకుడు ఈ కొండకు మెట్లు కట్టించెను. రాజులు గుడులకు గోపురములు కట్టించుట మన మెఱుగుదుము. ఇచ్చట కట్టినది మెట్లు మాత్రమే, గోపురము కొండయే.

అంతకు ముందే, 13వ శతాబ్దిలో, పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమని యొక భాగమునే శ్రీశైలమునకు కేటాయించెను. ప్రకరణము పేరు గమనింపదగినది. క్షేత్రప్రకరణము గాదు, ఆలయప్రకరణము గాదు, పర్వతప్రకరణము. శ్రీపర్వతమను ప్రాచీన నామము కూడ ఇట్టిదే. పూజ్యమైనది శిఖరముతో, లోయలతో, వనముతో కూడిన కొండ యంతయు. 12వ శతాబ్దిలో కన్నడదేశమునుండి వచ్చిన అక్కమహాదేవి తన తుది దినములను గడపినది ఏ మఠమునందును గాదు, ఈ నల్లమలలోని కదళీవనమున నని ఐతిహ్యము. ఆమె పేరిటి గుహలు కృష్ణ యొడ్డున నేటికిని గలవు. మైదానపు దేవళమునకు ప్రాకారమే యెల్ల. పర్వతమే దేవుడైనచోట ఆ యెల్ల యెచ్చట గీయవలెను? నేటి వ్యాజ్యములన్నియు ఈ ప్రశ్నయొద్దనే చిక్కుకొనుచున్నవి. దానికి మరల వత్తుము.

పీఠభూమి లోపలి తీర్థములలో మిక్కిలి పేరుగన్నది సలేశ్వరము. ఫరహాబాదునకు ఆవల, వాహనములు నిలిచిన చోటినుండి రాళ్లు రప్పల మీదుగా నడచి, ఇరుప్రక్కల నిలువుగా లేచిన కొండల నడుమ లోయలోనికి దిగవలెను. అడుగున పైనుండి పడు ధార, దాని క్రింద గుండము, ప్రక్కన గుహలో లింగము. చైత్రపూర్ణిమనాటి జాతరకు జనులు లింగమయ్యను పిలుచుచు వేలకొలదిగా దిగుదురు. మిగిలిన సంవత్సరమంతయు ఆ లోయ మనుష్యులకు మూసియుండును. వటువర్లపల్లి సమీపమున మల్లెలతీర్థము మఱియొకటి. లొద్దిమల్లయ్య యను గుహాస్థలమునకు తొలియేకాదశినాడే ద్వారము తెఱచినట్లు. లొద్ది యన తెలంగాణపు పలుకుబడిలో లోతైన పల్లము, లోయ.

ఈ నీరు వేసవిలో సహితము ఎట్లు నిలుచుచున్నదో చూతము. ఈ కొండల పైకప్పు స్ఫటికశిల. దాని క్రింద గ్రానైటు. వర్షాకాలమున పడిన నీటిని ఆకులును, గడ్డివేళ్లును ఆపి నిదానింపజేయగా, అది శిల పగుళ్లలో దిగి, లోయల గోడలయందు ఊటలై వెలువడును. పైన అడవి యున్నంతకాలమే క్రింద ఊట. చెట్లు పోయినచో అదే వాన ఒక్క దినమున వాగై పరుగెత్తి, మట్టిని గూడ కొనిపోయి కృష్ణలో పడవేయును. ఎండుటాకుల యడవి యగుటచే వేసవి వచ్చుసరికి ఇచ్చటి చెట్లు పెక్కులు మోడువారును, వాగులెండును, అప్పుడు ఆ లోయలలోని మడుగులే దుప్పికిని, ఎలుగుబంటికిని, పులికిని ఆధారము. పశువులు నీరు త్రావు తావనెడి నిఘంటువు అర్థము ఇచ్చట అక్షరాల నిజము. సలేశ్వరమునకు మనుష్యులు కొలది దినములే పోవలెనన్న కట్టుబాటు, అడవిమృగములకు తక్కిన దినములన్నియు విడిచిపెట్టిన కట్టుబాటును గూడ నైనది. ఇది ఎవరో మృగశాస్త్రజ్ఞుడు ఆలోచించి చేసిన యేర్పాటని మేము చెప్పము. భయభక్తులవలన పుట్టిన మర్యాద అది. ఫలము మాత్రము నీటికిని మృగమునకును దక్కినది.

ఆ మర్యాదను కాపాడిన వారు చెంచులు. సలేశ్వరమున లింగమయ్యకు పూజారి చెంచువాడే. బ్రాహ్మణుడు మొదలు అందఱును అతని చేతి ప్రసాదమును కన్నులకద్దుకొని పోవుదురు. మైదానమున ఏ సంస్కర్తయు ఎంత యుపన్యసించినను సులభముగా సాధింపలేని సమత్వమిది, సాధించినదెవరు? అక్షరము రాని యడవివాడు. పురాణములు వ్రాసిన వారును ఈ బంధుత్వమును మఱుగుపఱుపలేకపోయిరి. శ్రీశైల మల్లన్న చెంచుకన్యను వరించి చెంచుమల్లయ్య యయ్యెననియు, అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని చేపట్టెననియు కథలు ప్రసిద్ధములు. అల్లునికి ఆలయములు కట్టి, అత్తవారిని అడవిలోనే యుంచినది మన సమాజము.

చెంచుల సొంతదేవతలలో గారెలమైసమ్మ ముఖ్యురాలు. అడవిలోని వేటయు, కందమూలఫలములును ఆమె యధీనములని వారి విశ్వాసము; కావున అడవినుండి తీసికొనునది దొంగిలించునది గాదు, అడిగి పుచ్చుకొనునది. 1940లో అమ్రాబాదు పెంటలలో నివసించి పరిశోధన చేసిన హైమెండార్ఫు పండితుడు చెంచులనుగూర్చి 1943లో ప్రకటించిన గ్రంథమున ఈ దేవతను వివరించెను. కొండచరియలకు పట్టిన పెరతేనెను తీయునప్పుడు చెంచువాడు త్రాటిపై క్రిందికి వ్రేలును. ఆ త్రాటిని పట్టువాడు బావమరిది యై యుండవలెనని వారి యాచారమని చెప్పుదురు. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ త్రాటినే వ్రేలుచున్నవి గనుక వాడు చేయి వదలడు! న్యాయశాస్త్రమున ఇంతకంటె గట్టి పూచీపత్రము మేమెఱుగము.

పెంట యనగా చెంచుల చిన్న గూడెము. అప్పాపురము పెంట, మల్లాపురము పెంట యని వాని పేర్లు. పట్టణవాసులు ఈ మాట విని ముక్కు మూసికొందురు. పెంటలో మన యర్థమున పెంట కానరాదు. జాతర ముగిసిన పిదప యాత్రికుల దారిలో మాత్రము సమృద్ధిగా కానవచ్చును.

యాత్రికునిపై రాజ్యాధికారపు కన్ను పడుటయు క్రొత్త గాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు పోవుచు శ్రీశైలమును దర్శించి, కందనూరి నవాబు యాత్రికులయొద్ద సుంకము రాబట్టిన విధమును తన చరిత్రమున వ్రాసికొనెను. కృష్ణకు ఈవలి యొడ్డున నిజాము ప్రభువుల చూపు యాత్రికులపై గాక పులులపై నుండెను. మన్ననూరికి పైన నున్న ఫరహాబాదు వారి వేటవిడిది. పేరునకు ఆనందపురమని యర్థము. ఆరవ నిజాము మహబూబు అలీ ఖాను పులివేటయందు దేశవిఖ్యాతుడు. ఇంగ్లీషున అడవికి వాడుకైన ఫారెస్టు అను పదము కూడ పూర్వము రాజు వేటకై ప్రత్యేకించిన భూమికే పేరు. మన దేశమున దీనికి ఎదురుగా మఱియొక సంప్రదాయము గలదు. శాకుంతలము ప్రారంభమున దుష్యంతుడు లేడిపై బాణమెక్కుపెట్టగా తాపసుడు అడ్డము వచ్చి ఆపును. రాజు బాణమును దించును. కౌటిల్యుని అర్థశాస్త్రమున అభయవనములలో మృగమును చంపిన వానికి దండనము విధింపబడినది. రాజు వేటకై కాచిన యడవి యొకటి, రాజును సైతము వేట మానుమని చెప్పిన యడవి యొకటి. అమ్రాబాదున ఫరహాబాదు మొదటిది, సలేశ్వరము రెండవది. రెండింటికిని నడుమ దూరము కొలది క్రోసులే.

స్వాతంత్ర్యానంతరము ఈ రెండు సంప్రదాయములును ఒక చట్టము క్రిందికి వచ్చినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1978లో నాగార్జునసాగరు–శ్రీశైలము అభయారణ్యము ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. 2014లో రాష్ట్రము విడిపోగా, 2015లో కృష్ణకు ఉత్తరభాగము అమ్రాబాదు పులుల రక్షితవనమైనది. దాని వైశాల్యము సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు.

ఇంతలో కృష్ణపైని ఆనకట్టలు మఱియొక పాఠము చెప్పినవి. శ్రీశైలము జలాశయము క్రింద మునుగనున్న ప్రాచీనాలయములను పురావస్తుశాఖవారు ఱాయి ఱాయి విప్పి, సంఖ్యలు వేసి, ఎత్తైన చోట్ల మరల కట్టిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము, చాళుక్యుల కాలపు కట్టడము, అట్లే అలంపురమునకు చేరినది. శిల్పులు కౌశలవంతులు, నేడు చూచువారికి అది మఱియొకచోట పుట్టిన గుడి యని తోపదు. కాని దేనివలన దానికి సంగమేశ్వరమని పేరు వచ్చినదో, ఆ తుంగభద్రా కృష్ణల సంగమమును ఎవరును విప్పి తేలేకపోయిరి. గుడికి సంఖ్య వేయవచ్చును, నీటికి వేయరాదు. ఉమామహేశ్వరపు ఊటను గాని, సలేశ్వరపు గుండమును గాని వేఱొక మిట్టపై మరల కట్టింపగల స్థపతి లేడు. పవిత్రమైన కట్టడమును కాపాడుటకును, పవిత్రమైన ప్రకృతిస్థలమును కాపాడుటకును గల భేదమంతయు ఇచ్చట నున్నది. మొదటిదానికి తప్పు దిద్దుకొను అవకాశము కొంత గలదు, రెండవదానికి లేదు.

ఈ భేదము 2019లో ఒక్కసారిగా నిత్యవ్యవహారమైనది. స్ఫటికశిలయు దాని క్రింది గ్రానైటును కలియు సంధిలో యురేనియము ఉండునని భూగర్భశాస్త్రజ్ఞులకు ముందే తెలియును. నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతములలో అట్టి నిక్షేపములు కనుగొనబడినవి. ఆ యేడు మే నెలలో కేంద్రప్రభుత్వపు అటవీ సలహాసంఘము అమ్రాబాదు రక్షితవనములో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు సూత్రప్రాయముగా అంగీకారము తెలిపినది. అందుకొరకు నాలుగువేల బోరురంధ్రములు వేయు ప్రతిపాదన యుండెను. అన్వేషణము వేఱు, గని వేఱు అని అధికారుల సమాధానము. మేము రసాయనశాస్త్రమునకు వ్యతిరేకులము గాము. దేశమునకు విద్యుచ్ఛక్తి వలదనియు అనము. కాని ఏ శిలాసంధికొరకు రంధ్రములు వేయుదురో, దానిపైని పగుళ్లలోనే ఊటల నీరు నడచుచున్నది. బండికి దారి, యంత్రమునకు చదును, కూలివారికి గుడిసె లేక నాలుగువేల రంధ్రములు పడవు. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో యురేనియపు గని నడువనారంభించిన పిదప తమ నీరు చెడినదని పరిసరగ్రామస్థులు మొఱపెట్టుకొనిరి. ఆ మొఱ అమ్రాబాదు వారి చెవినబడకుండునా?

చెంచులు మాత్రమే గాక, అమ్రాబాదు, మన్ననూరు మొదలగు గ్రామములవారును, పట్టణములలోని విద్యార్థులును, రచయితలును, కళాకారులును ఎదురు తిరిగిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియపు త్రవ్వకము కూడదని తీర్మానించినది. అంతటితో అలజడి చల్లారినది. తీర్మానము మంచిదే, కాని తీర్మానము సభ మాట, ఖనిజముపై తుదిమాట కేంద్రప్రభుత్వము చేతిలోనిది. ఱాయి యెక్కడికిని పోలేదు, దాని వెలయు తగ్గలేదు.

పర్వతమే దేవుడైనచోట ఎల్ల యెచ్చట గీయవలెనన్న ప్రశ్న ఒడిశాలో ఇంతకంటె స్పష్టముగా విచారణకు వచ్చినది. నియమగిరిపై బాక్సైటు త్రవ్వదలచినప్పుడు, ఆ కొండ తమ నియమరాజు నివాసమని డోంగ్రియా కోందులు వాదించిరి. 2013 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఆ విషయమును నిర్ణయించు నధికారము గ్రామసభలకే కలదని తీర్పు చెప్పెను. పండ్రెండు గ్రామసభలు కూడి, పండ్రెండును త్రవ్వవలదనెను. కొండలో ఏ బండ పవిత్రమో వేలితో చూపుమని వారినెవరును నిర్బంధింపలేదు. దీనికి వ్యతిరేకమైన యుదాహరణము ఆస్ట్రేలియాది. 2020 మే నెలలో జూకను కనుమలోని గుహలను ఇనుపఖనిజముకొరకు ఒక కంపెనీ ప్రేల్చివేసెను. అవి నలుబదియారువేల యేండ్లుగా మనుష్యులు మసలినవి, ఆ దేశపు ఆదివాసులకు పూజ్యములు. ప్రేల్చుటకు చట్టప్రకారము అనుమతి యుండెను! తరువాత క్షమాపణలు వచ్చినవి, కంపెనీ పెద్దలు పదవులు వీడిరి, గుహలు రాలేదు.

గనివానిని నిందించుట సులభము, అతడు దూరమున నుండును గనుక. యాత్రికుడు మన యింటివాడు. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రాజమార్గము మన్ననూరు, వటువర్లపల్లి, దోమలపెంటల మీదుగా ఈ వనము నడుమనే పోవుచున్నది. రాత్రివేళ మృగములకొరకు రాకపోకలు నిలిపివేయుదురు. పగలు ఆ దారిలో కోతులకు బిస్కత్తులు విసరి పుణ్యము సంపాదించుకొను కుటుంబములు లెక్కకు మిక్కిలి. ఆ పుణ్యము తిన్న కోతి దారి విడిచి అడవికి పోదు, బండ్లక్రింద పడును. ప్లాస్టికు సంచులను, సీసాలను 2024లో అటవీశాఖవారు ఈ వనమున నిషేధించిరి. సలేశ్వరపు జాతరను ఇటీవల మూడు దినములకు పరిమితము చేసిరి. భక్తులకు కోపము వచ్చినది. వెనుకటివలె ఎక్కువ దినములు కావలెనని యడిగిన వారును గలరు. 2023లో ఆ యిఱుకుదారిలో క్రిక్కిరిసిన జనమునడుమ భక్తులు మృతినొందిరి. వెనుక కాలినడకను వచ్చిన వందలాది జనమును భరించిన లోయ, నేడు మోటారులపై వచ్చు వేలాది జనమును ఎట్లు భరించును? పైగా జాతర వచ్చునది చైత్రమాసమున, మృగములకు నీరు మిక్కిలి యవసరమైన వేసవిలో. దినములు తగ్గించుట దైవద్రోహమని మేము తలపము. సలేశ్వరపు పాతమర్యాద తగ్గుదలయే గదా. దారి వెడల్పు చేసి, సోపానములు వేసి, దుకాణములు పెట్టి అభివృద్ధి చేయుదుమనువారికి మల్లెలతీర్థము చూచి రమ్మని మా మనవి.

అధికారులకును ఒక మాట. పులికొరకు చెంచులను పరిహారమిచ్చి వనగర్భమునుండి వెలుపలికి తరలించు ప్రయత్నము కొంతకాలముగా సాగుచున్నది. కుటుంబమునకు 15 లక్షల రూపాయలను ఎంచుకొనుటకు వీలున్నది. బడి, ఆసుపత్రి, భూమి కోరి తమంతట తాము పోవువారిని ఆపుటకు మనమెవరము? చెంచు పిల్లకు చదువు వలదని, ఆమె అడవిలో బొమ్మవలె నిలువవలెనని కోరుట మఱియొక విధమగు క్రూరత్వము. కాని పోవుట ఇష్టముచేతనో, నీరును దారియు ఈయక విసిగించుటచేతనో తెలిసికొనవలెను. హైమెండార్ఫు కాలమునను ఇదే చిక్కు; ఆనాడు నిజాము ప్రభుత్వము ఆయన సూచనపై చెంచులకని కొంత యడవిని ప్రత్యేకించెను. పెంటలు ఖాళీయైన నాడు సలేశ్వరమున పూజారి యెవరగుదురు? పట్టణమునుండి వచ్చి టిక్కెట్టు చించు గుమాస్తాయా? లింగమయ్య కావలి పోయినచోట గనికి అడ్డుచెప్పు నోరును పోవును; 2019లో మొదట అడ్డుచెప్పినది ఆ నోళ్లే.

చట్టమున దారి లేకపోలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము చెంచులవంటి తెగలకు తమ యావాసభూమియంతటిపై సాముదాయిక హక్కును గుర్తించుచున్నది. తమ సాంస్కృతిక ప్రాకృతిక సంపదను నాశనమునుండి కాపాడుకొను నధికారమును గ్రామసభకిచ్చుచున్నది. 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు రాజస్థానపు ఓరణులను, అనగా దేవతావనములను, స్థలముమీద కొలిచి, పటములు గీసి, చట్టరక్షణలోనికి తేవలెనని ఆజ్ఞాపించి, కాపాడిన జనులకే వాని పాలనలో పాలుండవలెనని సూచించెను. అమ్రాబాదున ఈ పని ఇంకను సుకరము, ఏలయన ఇచ్చట వనము ముందే రక్షితము. వలసినది తీర్థముల జాబితా. ఉమామహేశ్వరము, సలేశ్వరము వంటి పెద్ద పేర్లు పటములలో గలవు. ఒక్కొక్క పెంటకు దాపున పెద్దలకు మాత్రమే తెలిసిన చిన్న ఊటలు, మైసమ్మ బండలు, తేనెచరియలు వాని చెంచుపేర్లతో కాగితమునకెక్కవలెను. ప్రతి పేరునకు ఎదుట ఎన్ని దినములు తెఱచియుండునో, ఎవరు పూజింతురో, ఏ మాసమున నీరెంత యుండునో వ్రాయవలెను. అచ్చంపేట, అమ్రాబాదు పాఠశాలలలో పై తరగతుల బాలబాలికలు, అందును చెంచు విద్యార్థులు, ఉపాధ్యాయుల తోడ్పాటుతో ఒక వేసవిలో దీనిని మొదలిడవచ్చును. పలకయు, బలపమును చాలును, పెద్దలింకను చెప్పగలిగియున్నారు.